ఎనభై శాతం లెటాఫ్

లవాన్ ప్రిబిల్ అన్నది "లెటాఫ్". ఆర్వ్ షిమానెక్ విన్నది "లేఆఫ్". రెండింటికీ మధ్య తేడా ఒక్క టకారం. ఆ టకారం ఆర్వ్ చెవి దాకా వచ్చి, తలుపు తట్టి, ఎవరూ తియ్యకపోయేసరికి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఒక్క "ట" లేక ఆల్డర్ ఫాల్స్ ఊరు ఊరంతా నాలుగు రోజుల పాటు టపా కట్టేసినంత పనైంది.

లెటాఫ్ అనేది విలుకాళ్ళ మాట. రెండు కొసలా కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లుని లాగుతుంటే సగం దాకా బరువు చచ్చేటంత ఉంటుంది. పూర్తిగా లాగాక కప్పీలు తిరగబడి ఆ బరువులో చాలా భాగం దిగిపోతుంది. ఆ దిగిపోయేది లెటాఫ్. లేఆఫ్ ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందులో దిగిపోయేది బరువు కాదు, మనిషి.

తప్పు ఆర్వ్‌ది కూడా కాదు. ముప్పై మూడేళ్ళు కాగితం మిల్లులో రెండో మెషీను పక్కన నిలబడి రిటైరైన మనిషి. ఆ మోతకి చెవులు మొద్దుబారితే వినికిడి మిషను ఇచ్చారు. అది చెవిలో పెట్టుకుంటే దురద అని చొక్కా జేబులో వేసుకు తిరుగుతాడు. దాంతో ఆర్వ్ కన్నా ఆర్వ్ జేబుకే బాగా వినపడుతుంది.

ఆ సోమవారం సాయంత్రం ఆర్వ్ లవాన్ విల్లుల కొట్లో బాణాల బీరువా వెనక నిలబడి ఈకలు ఏరుకుంటున్నాడు. కౌంటరు దగ్గర వెర్లిన్ టెస్మర్ ఆయాసపడుతూ కనపడ్డాడు. టెస్మర్ మిల్లులో పర్సనల్ ఆఫీసరు. ఉద్యోగంలో చేర్చుకునే కాగితమైనా, తీసేసే కాగితమైనా ఆయన చేతి మీదుగానే నడవాలి. పదకొండేళ్ళ కిందట నాలుగో మెషీను మూసేసినప్పుడు నలభై ఒక్క మందికి కవర్లు పంచింది ఆ చేతులే. ఆ మనిషి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పెట్టుకుని, "ఎనభై శాతమా?" అన్నాడు.

"ఎనభై శాతం లెటాఫ్. మిగతా ఇరవయ్యే నువ్వు మొయ్యాల్సింది," అంది లవాన్.

"మెల్లమెల్లగా ఉంటుందా, ఒక్కసారేనా?"

"ఆఖర్న, ఒక్కసారే. అప్పటిదాకా బరువు తెలుస్తూనే ఉంటుంది."

"గురువారం దాకా ఎవరికీ చెప్పకు లవాన్. నా పరువు పోతుంది."

"నాకేం పనయ్యా చెప్పడానికి. కానీ ఒక్కటి గుర్తుంచుకో. ఒకసారి వదిలావంటే మళ్ళీ వెనక్కి రాదు. ఎదురుగా ఎవరున్నారో చూసుకుని మరీ వదులు."

ఆర్వ్ చేతిలో ఈకలు బీరువా మీద పెట్టేశాడు. చప్పుడు కాకుండా బయటికి నడిచి, బండెక్కి, తిన్నగా బౌలింగ్ హాలుకి పోయాడు. ఆ తర్వాత ఆ వార్త ఏ దారిన పోయిందో చెప్పాలంటే ఊళ్ళో ఉన్న దారులన్నీ చెప్పాలి.

ఇంతకీ టెస్మర్ ఆ కొట్లో ఎందుకున్నట్టు?

ఒక బల్ల కోసం. బల్ల కొనడానికి కాదు, బల్ల మీద కూర్చోడానికి. ఊరి చివర పైన్ చెట్ల మధ్య మిల్లు వాళ్ళ విలువిద్యా క్లబ్బు ఉంది. ఆగస్టు మొదలు దుప్పి వేట సీజను దాకా ప్రతి గురువారం అక్కడ లీగు. జట్టుకి నలుగురు. రబ్బరు జింకల్నీ, రబ్బరు ఎలుగుల్నీ గంటసేపు బాణాలతో కొట్టి, ఆపైన పొడవాటి చెక్కబల్లల మీద కూర్చుని, నిప్పుల మీద కాల్చిన సాసేజీలూ వెన్న కారే మొక్కజొన్న కండెలూ తింటూ వెలుగు పోయేదాకా ఒకరి గురిని ఒకరు ఎగతాళి చేసుకుంటారు. పదకొండేళ్ళుగా టెస్మర్ ఆ రోడ్డు మీదుగా ఇంటికెళ్తూ, కారు అద్దం దించి, ఆ నవ్వులు విని, అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోతున్నాడు.

కవర్లు పంచిన రోజు నుంచీ ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. కాంటీనులో ఆయన ట్రే పెట్టిన బల్ల దగ్గర అందరికీ ఒకేసారి షిఫ్టు గుర్తొచ్చేది. శుక్రవారం చేపల వేపుడికి ఊళ్ళో భోజనాల క్లబ్బుకెళ్తే ఆరుగురు పట్టే బల్ల మీద ఆయనా, భార్య బెర్నడెట్టూ. మనకి రిజర్వేషన్ చేయించుకునే బాధ లేదు, అని బెర్నడెట్ నవ్వించేది. ఆయన నవ్వేవాడు. ఎవరినీ తప్పు పట్టేవాడు కాదు, నా పక్కన నేనైనా కూర్చోను అనేవాడు.

ఈ ఏడు మూడు జట్లలో ఒక్కో ఖాళీ ఉంది. పేర్ల పట్టిక గురువారం సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. పట్టికలో పేరుంటే బల్ల మీద చోటుంటుంది. పేరుండాలంటే ముందు విల్లుండాలి. యాభై నాలుగేళ్ళ వయసులో బుద్ధున్న మనుషులు విల్లు రాస్తారు, టెస్మర్ విల్లు కొనడానికి బయల్దేరాడు. కొనే ముందు అదేదో రాసిపెట్టే వెళ్ళు, అంది బెర్నడెట్.

లవాన్‌కి అరవై ఆరేళ్ళు. మనిషి నాలుగున్నర అడుగులు, మాట ఆరడుగులు. మొగుడు పోయాక ఆయన వెల్డింగ్ షెడ్డునే కొట్టుగా మార్చి ముప్పై ఏళ్ళుగా విల్లులూ అమ్ములూ అమ్ముకుంటున్న అమ్మ. నారి చేతిలో నారి పడితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆవిడ విల్లుకి నారి మార్చేటప్పుడు చూడాలి.

ఏ చేత్తో రాస్తావు అని మొదట అడిగింది. ఆఫీసరు కాబట్టి ఆ ప్రశ్నకి టెస్మర్ గర్వంగా కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఆవిడ ఆ చేతిని పట్టించుకోకుండా, రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న కంత ఉంచి, ఆ కంతలోంచి గోడ మీది దుప్పి తల ముక్కు చూడమంది. చూశాడు. ఎడమకన్ను మూయమంది. మూశాడు. దుప్పి మాయమైపోయింది. కుడికన్ను మూస్తే దుప్పి దుప్పిలాగే ఉంది.

"నువ్వు రాసేది కుడిచేత్తో, చూసేది ఎడమకంటితో. నీకు ఎడమచేతి విల్లు కావాలి," అంది.

పాతికేళ్ళుగా ఎదుటి కుర్చీలో మనుషుల్ని ఏ కంటితో చూశానో నాకే తెలియదన్నమాట, అన్నాడు టెస్మర్. లవాన్ ఎడమచేతి విల్లులు ఉన్న మూలకి నడిచింది. అక్కడ ఉన్నవి రెండే రెండు. కొనేవాడికి ఎంపిక కష్టం లేకుండా దేవుడు చేసిన ఏర్పాటు.

తర్వాత గోడకి ఆనించి చేతులు బారజాపమంది. టేపు పట్టుకుంది. తన బావమరిది లాగుడు పొడవు, అంటే నారి వెనక్కి వచ్చే దూరం, ముప్పై అంగుళాలని టెస్మర్ ఎక్కడో విన్నాడు. అందుకని వేళ్ళ కొసలు గోడ మీద పాకించడం మొదలుపెట్టాడు. చేతుల పొడవుకి పొగరు కలపకు, అని లవాన్ ఆ వేళ్ళ మీద టేపుతోనే ఒకటి తగిలించింది. బార డెబ్బై అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే ఇరవై ఎనిమిది. పొడవు ఎక్కువ పెట్టుకుంటే చెయ్యి చాలక ఒళ్ళు వెనక్కి వంగుతుంది, నారి వచ్చి మోచెయ్యి తోలు ఒలుస్తుంది, అని ఆవిడ తన పాత మచ్చ చూపించింది. టెస్మర్ వెంటనే ఇరవై ఎనిమిదితో సరిపెట్టుకున్నాడు.

ఇక బరువు. మిల్లులో మగాళ్ళందరూ డెబ్బై పౌండ్లు లాగుతామని చెప్పుకుంటారు. టెస్మర్ కూడా డెబ్బై అన్నాడు. లవాన్ వాదించలేదు. డెబ్బైకి బిగించిన విల్లు చేతికిచ్చింది. బాణం లేకుండా నారి వదిలావంటే విల్లు ముక్కలవుతుంది, ఉత్తినే లాగి మెల్లగా దించు, అని చెప్పి పక్కకి తప్పుకుంది.

లాగమంది. లాగాడు. నారి రాలేదు. లాగు జారింది. ఆగస్టు నెల ఉక్కకి వేసుకొచ్చిన మోకాళ్ళ లాగు, నడుము బిగపట్టేసరికి బొడ్డు కిందికి చేరింది. ఒక చేత్తో దాన్ని పైకి లాక్కుని, ఈసారి విల్లుని ఎత్తి పైకప్పు ఫ్యానుకి గురిపెట్టి, అక్కణ్ణించి కిందికి దించుతూ లాగబోయాడు. నారి నాలుగంగుళాలు కదిలింది. టెస్మర్ మెడనరాలు ఆరంగుళాలు కదిలాయి.

"ఆకాశంలో జింకలుండవు వెర్లిన్," అంది లవాన్.

ఆవిడ ఆయన్ని ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. పాదాలు నేలకి తగలకుండా ఎత్తి ఉంచమంది. కూర్చుని, కాళ్ళు గాల్లో పెట్టి, విల్లు తిన్నగా ముందుకి పట్టుకుని, వణక్కుండా లాగగలిగిన బరువే నీ బరువు, మిగతాదంతా ఊరి వాళ్ళ కోసం మోసే బరువు, అంది. పానాతో పైనా కిందా బోల్టులు ఒక్కో చుట్టు వదులు చేస్తూ పోయింది. అరవై. కాళ్ళు నేలకి దిగిపోయాయి. యాభై అయిదు. పీట కిర్రుమంది. యాభై. టెస్మర్ కిర్రుమన్నాడు. నలభై అయిదు దగ్గర నారి కదిలింది, వచ్చింది, గడ్డం దాకా వస్తూ వస్తూ ఉన్నట్టుండి కప్పీలు తిరగబడి బరువంతా మాయమైంది. మెట్లు దిగుతున్నవాడు ఇంకో మెట్టుందనుకుని అడుగేసినట్టయింది ఆయన ప్రాణానికి. పీట మీంచి పడబోయి ఆగాడు.

మొహం తెల్లబడింది అందుకు. "ఎనభై శాతమా" అన్నది అప్పుడు. గురువారం దాకా చెప్పద్దన్నది, నలభై అయిదు పౌండ్ల సంగతి బయటపడితే పేరు రాసేవాడు కూడా రాయడని. బీరువా వెనక ఆర్వ్ వచ్చిందీ ఆయన చూడలేదు, పోయిందీ చూడలేదు.

మర్నాడు మిల్లు గేటు దగ్గర కాపలావాడు టోపీ తీసి, పిల్లలెలా ఉన్నారని అడిగాడు. టెస్మర్‌కి పిల్లలు లేరు. అయినా బాగున్నారని చెప్పాడు, అంత ఆప్యాయంగా అడిగినవాణ్ణి నొప్పించడం ఎందుకని. కాంటీనులో ట్రే పెట్టగానే బల్ల ఖాళీ కాలేదు సరికదా, ఇద్దరు వచ్చి చేరారు. బాయిలరు జట్టు కెప్టెను డ్వేన్ కోల్పాక్ తను స్వయంగా పొగబెట్టిన దుప్పి మాంసం సాసేజీ మూరెడు తెచ్చి ముందు పెట్టాడు. ప్యాకింగ్ సెక్షను నుంచి ఒకావిడ రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి బిళ్ళలు పంపింది. సాయంత్రం ఇంటికెళ్తే ఎవరో వచ్చి పచ్చిక కోసి, అంచులు కూడా కత్తిరించి వెళ్ళారు.

టెస్మర్ అద్దం ముందు నిలబడి ఆలోచించాడు. లవాన్ నోట్లో నువ్వుగింజ నానదు, విల్లు కొన్న సంగతి చెప్పేసి ఉంటుంది. విలుకాడంటే విలుకాళ్ళకి ఇంత విలువా. ఇది తెలియక పదకొండేళ్ళు కారు అద్దం దించుతూ ఎక్కిస్తూ గడిపాను, అనుకున్నాడు. అద్దంలో మనిషి కూడా కొంచెం విలుకాడిలాగే కనిపించాడు, పక్క నుంచి చూస్తే, పొట్ట లోపలికి పీలిస్తే.

బుధవారం కోల్పాక్ వచ్చి ఎదురుగా కూర్చుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, ఆఖరికి గొంతు తగ్గించాడు. "ఊరికే అడుగుతున్నా వెర్లిన్. ఎంత అనుకుంటున్నారు?"

"డెబ్బై అనుకున్నా. లవాన్ నలభై అయిదుకి దించింది," అన్నాడు టెస్మర్, కాస్త సిగ్గుపడుతూ.

"లవానా?"

"ఆవిడ మాటే మాట. మెల్లగా అలవాటు చేసి పెంచుకుంటూ పోదామంది. చలికాలానికి అరవై."

కోల్పాక్ కాసేపు బల్ల చెక్క మీది గీతలు లెక్కపెట్టాడు. బాధేమైనా ఉంటుందా అని అడిగాడు. మొదట్లో భుజాల దగ్గర, తర్వాత తెలియదు, అని టెస్మర్ ధైర్యం చెప్పాడు. ఆ సాయంత్రం లవాన్ కొట్టుకి మూడు పండ్ల పైలూ, ఒక కుండెడు బీన్సూ వచ్చాయి. మిల్లులో ఆవిడకి అంత పలుకుబడి ఉందని ఆవిడకి కూడా అప్పటిదాకా తెలియదు.

కోల్పాక్ తన జట్టు కాగితం మీద నాలుగో పేరు టెస్మర్ అని రాసి, సంతకం చేసి తెచ్చిచ్చాడు. గంటకి ఇంకో జట్టు కెప్టెను తెచ్చాడు. ఒకే మనిషి ఒకే జట్టులో ఉండాలి, అయినా టెస్మర్ ఎవరినీ కాదనలేక రెండూ జేబులో పెట్టుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర బెర్నడెట్‌తో, ఏ బల్ల మీద కూర్చోవాలో తేలడం లేదు అని మురిశాడు. ఆమె ఆ సాసేజీ ముక్క వైపూ, మొగుడి వైపూ చూసి, నువ్వేం చేశావ్ అని ఒక్కటే ప్రశ్న వేసింది. జనానికి నా మీద గురి కుదిరింది, అన్నాడాయన.

గురి కుదరని మనిషి ఒకరున్నారు. మూడో ఖాళీ ఉన్నది మై యెర్ వాంగ్ కెప్టెనుగా ఉన్న జట్టులో. ఆమె రాత్రి నడిచే మూడో షిఫ్టులో మెషీను మనిషి. క్లబ్బులో అందరికన్నా బాగా కొట్టేది ఆమే. పదకొండేళ్ళ కిందటి నలభై ఒక్క కవర్లలో ఒకటి ఆమె భర్త కోంగ్‌ది. బుధవారం షిఫ్టు దిగి ఇంటికెళ్ళకుండా తిన్నగా ఆఫీసులోకి వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"పట్టికలో నా పేరుంటే ఇప్పుడే చెప్పెయ్. కేకులు చేసుకొచ్చే ఓపిక నాకు లేదు," అంది.

లీగు పట్టికలో కెప్టెన్లందరి పేర్లూ పొద్దున్నే నోటీసుబోర్డు మీద చూశాడు టెస్మర్. "నీ పేరు లేకపోవడమేంటి. ఉంది. పైనే ఉంది, రెండోదో మూడోదో," అన్నాడు, నిండుగా నవ్వుతూ.

ఆమె ఆ నవ్వు వైపే చూసింది. తలొంచుకుని వెళ్ళిపోయింది. బాగా సిగ్గరి, అనుకున్నాడు టెస్మర్.

ఈ నాలుగు రోజులూ పొద్దున్నా సాయంత్రం ఆయన లవాన్ కొట్టు వెనక సాధన చేశాడు. ఆవిడ నారికి కన్నమున్న చిన్న పూస కట్టి, విల్లు లాగినప్పుడు అది సరిగ్గా ఎడమకంటి ముందుకి వచ్చేదాకా జరిపి జరిపి ముడేసింది. మణికట్టుకి పట్టీ, పట్టీకి మీట. వేళ్ళతో లాగద్దు, మీటతో పట్టు, మీటని గుంజకు, భుజం వెనక్కి తోస్తే దానంతటదే వదలాలి, అంది. ఆ బరువుకి తగ్గ బాణాలు ఏరి పొడవు కోసింది. మొదటి రెండు రోజులూ గురే చూడనివ్వలేదు. గడ్డిమూటకి అయిదడుగుల దూరంలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని వదలమంది. కళ్ళు మూసుకున్నంత సేపూ టెస్మర్ ఒక్కటి కూడా గురి తప్పలేదు.

గురువారం అయిదున్నరకి టెస్మర్ క్లబ్బు మైదానంలో కారు దిగాడు. చేతిలో నల్లటి పొడుగుపాటి పెట్టె. బెర్నడెట్ వెనకాల బంగాళాదుంప సలాడ్ గిన్నెతో నడిచింది. లీగుకి ఎప్పుడూ రాని వాళ్ళు కూడా వచ్చారు, భార్యలూ, భర్తలూ, రిటైరైన వాళ్ళూ. సాసేజీలు మాడుతున్నా తిప్పేవాడు లేడు. ఎవరూ విల్లు తియ్యలేదు. అందరి చూపూ ఆ పెట్టె మీదే ఉంది. కిందటిసారి కవర్లు అట్టపెట్టెలో తెచ్చాడు, ఈసారి తాళం పెట్టెలో తెచ్చాడు, అని ఎవరో అన్నది టెస్మర్‌కి వినపడలేదు.

ఆయన పెట్టె బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మీకందరికీ ఒక విషయం చెప్పాలి. నాలుగు రోజులుగా దాచాను. మీలో చాలామందికి ఇప్పటికే తెలిసిపోయిందని నాకు తెలుసు," అన్నాడు.

కోల్పాక్ భార్య కోల్పాక్ చెయ్యి పట్టుకుంది. మై యెర్ అందరికన్నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది. టెస్మర్ గొళ్ళేలు విప్పి, మూత ఎత్తి, విల్లు బయటికి తీసి తలపైకెత్తి చూపించాడు. చప్పట్ల కోసం ఆగాడు. పైన్ చెట్ల మీద ఒక కాకి మాత్రం ఏదో అంది.

"కవర్లేవీ?" అని అడిగాడు కోల్పాక్.

"ఏ కవర్లు?"

"ఎనభై శాతం మందివి."

"ఎనభై శాతం దీనికి," అన్నాడు టెస్మర్, విల్లు కప్పీ మీద వేలు పెట్టి. "లెటాఫ్."

అందరికన్నా ముందు అర్థమైంది లవాన్‌కి. మూడు పైలూ కుండెడు బీన్సూ ఆవిడ కళ్ళ ముందు ఒకసారి తిరిగాయి. ఈ మాట ఎవరు చెప్పారని కోల్పాక్‌ని అడిగింది. ఆయన మంగలి వైపు వేలు చూపించాడు, మంగలి బౌలింగ్ హాలు ఆవిణ్ణి చూపించాడు, ఆవిడ ఆర్వ్‌ని చూపించింది. ఆర్వ్ చూపించడానికి ఎవరూ మిగలక, తన చెవిని చూపించాడు. కొట్లో ఆ రోజు ఆవిడ అన్న మాటల్ని పొల్లు పోకుండా అప్పజెప్పాడు, ఒక్క పొల్లు తప్ప.

చిత్రం ఏమిటంటే, లెటాఫ్ అంటే తెలియని విలుకాడు ఆ మైదానంలో ఒక్కడూ లేడు. ప్రతివాడి విల్లుకీ ఎనభయ్యో, ఎనభై అయిదో ఉంటుంది. ప్రతి గురువారం ఆ మాట నూటపదిసార్లు అనుకుంటారు. కానీ అది టెస్మర్‌కి చెప్పిన మాట అనేసరికి ఊరు మొత్తానికి ఒకే మాటగా వినపడింది. ఆర్వ్‌కి చెవుడు. మిగతా వాళ్ళకి పదకొండేళ్ళు.

మొదట ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, ఊపిరి వదిలినంత పెద్దగా. టెస్మర్ కూడా నవ్వబోయాడు. మధ్యలో సాసేజీ గుర్తొచ్చింది. రూబార్బ్ బిళ్ళలు, కాపలావాడి టోపీ, పచ్చిక అంచులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాలుగు రోజులుగా తను పూర్తిగా లాగి పట్టుకున్న ప్రేమలోంచి ఎనభై శాతం ఒక్కసారిగా దిగిపోయింది. మిగతా ఇరవై బంగాళాదుంప సలాడ్ పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

ఆయన జేబులోంచి రెండు కాగితాలూ తీశాడు. భయపడి చేసిన సంతకాలు చెల్లవు, ఈ రూలు రాసింది నేనే, అని ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాడు. సాసేజీ మాత్రం తిరిగివ్వలేను, తినేశాను, అన్నాడు. కోల్పాక్ కాగితం తీసుకుని మడతపెట్టాడు. ఉంచుకో అని అనలేదు. ఆరింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"నా పేరు ఉందన్నావ్," అంది మై యెర్.

నవ్వులు ఆగాయి. టెస్మర్‌కి బుధవారం నాటి గది, నిలబడిన మనిషి, తన మొహం మీద తను అతికించుకున్న నవ్వు కనిపించాయి. నేను చెప్పింది ఈ లీగు పట్టిక గురించి, నువ్వు అడిగింది వేరే పట్టిక అని నాకు తట్టలేదు, అన్నాడు. ఆ పగలంతా కోంగూ నేనూ ఇల్లు అమ్మకానికి పెట్టాలా అని నిద్రపోకుండా మాట్లాడుకున్నాం, అందామె. టెస్మర్ క్షమించమన్నాడు. అంతకన్నా పొడుగు మాట వెతికి, దొరక్క, మళ్ళీ అదే మాటన్నాడు.

"కోంగ్‌కి కవరు ఇచ్చినప్పుడు కూడా నవ్వావు," అంది.

"నవ్వాను. మొహాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు," అన్నాడు టెస్మర్.

 ఆమె విల్లు వైపు చూసి, లాగి చూపించమంది. పదిహేను గజాల దూరంలో రబ్బరు దుప్పి. టెస్మర్ బాణం ఎక్కించి, విల్లు తిన్నగా ముందుకి పట్టి, లాగాడు. ఆకాశం వైపు ఎత్తలేదు. నారి వచ్చింది, కప్పీలు తిరిగాయి, చెయ్యి నిలిచింది. ఆ ఒక్క క్షణం చూసిన వాళ్ళందరూ ఇతగాడికి వచ్చునేమో అనుకున్నారు. అప్పుడు ఆయన కళ్ళు తెరిచి ఉన్న సంగతి ఆయనకే గుర్తొచ్చి మీట గుంజాడు. బాణం పోయి, దుప్పికి నాలుగడుగుల అవతల ఉన్న రబ్బరు టర్కీకోడి గుండెలో దిగింది.

"దెబ్బ బాగుంది. జంతువే వేరు," అంది మై యెర్.

లవాన్ ఆ విల్లు లాగుడు పొడవు తను సరిగ్గానే పెట్టానని అందరికీ విడమర్చి చెప్పసాగింది. మై యెర్ పట్టిక ఉన్న బల్ల దగ్గరికి నడిచి, కలం తీసింది.

"నాకు నాలుగో మనిషి కావాలి. వేట సీజను వచ్చేదాకా ప్రతి గురువారం ఓడిపోతాం, అది నేను చూసుకుంటాను. కానీ రెండో షిఫ్టు ఇప్పుడు మెషీన్ల మీద ఉంది. నూటపది మంది. వాళ్ళకింకా తెలియదు. రేపు నోటీసు పెడతానని అనకు, నీ నోటీసు ఎవరూ తిన్నగా చదవరు. ఇప్పుడే నువ్వే వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పు. చెప్తానంటే పేరు రాస్తాను."

టెస్మర్ కాల్చిన సాసేజీల వైపూ, మొక్కజొన్న కండెల వైపూ, బల్ల మీద ఆయన కోసమని బెర్నడెట్ అప్పటికే పెట్టుకున్న పళ్ళెం వైపూ చూశాడు. వెళ్ళి వచ్చేసరికి బల్లలు ఖాళీ అయిపోతాయి. విల్లు తీసి పెట్టెలో పెట్టి, బెర్నడెట్‌కి అప్పగించి, ఉత్తచేతులతో కారెక్కాడు. మై యెర్ పట్టికలో ఆయన పేరు రాయడం అద్దంలోంచి కనపడింది.

మిల్లు లోపల మోతకి మాటలు పనిచెయ్యవు. అక్కడ అందరూ చెవిమూతలు పెట్టుకునే పనిచేస్తారు, ఏదైనా చెప్పాలంటే చేతులతో చెప్పుకుంటారు. పర్సనల్ ఆఫీసరు రావడం చూసి ఒకటో మెషీను దగ్గర ఆరుగురు మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు జరిగారు. టెస్మర్ రెండు అరచేతులూ తెరిచి చూపించాడు, ఏ కాగితమూ లేదని. ఎడమచేతి విలుకాడి లెక్కన కుడిచెయ్యి ముందుకి చాపాడు. ఎడమచేత్తో గాలిని పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. పళ్ళు బిగించాడు, మెడనరాలు పొంగించాడు, కాళ్ళు వణికించాడు. గడ్డం దాకా తెచ్చి, ఒక్కసారిగా భుజాలు దించేసి, మొహమంతా వదులు చేసి, హమ్మయ్య అన్నట్టు కళ్ళు మూశాడు. ఆ దిగిపోయిన బరువుని వేలితో చూపించి, ఎనిమిది వేళ్ళు ఎత్తి, పక్కన సున్నా చుట్టాడు. బౌలింగ్ హాలు వైపు చెయ్యి చూపించి, చెవి దగ్గర వేలు తిప్పి, తల అడ్డంగా ఊపాడు.

ఆరుగురిలో ఒకతనికి మొదట వెలిగింది. అతను పక్కవాడికి అదే లాగుడు లాగి చూపించాడు. నవ్వడం కనపడింది, వినపడలేదు.

రెండో మెషీను దగ్గర మళ్ళీ లాగాడు. గిడ్డంగిలో లాగాడు, బాయిలరు దగ్గర లాగాడు, ప్యాకింగ్ వరసలో ఇరవై నలుగురికి ఇరవై నాలుగుసార్లు విడివిడిగా లాగాడు. నిజం విల్లు నాలుగు రోజుల్లో పెట్టని నొప్పి, లేని విల్లు గంటన్నరలో భుజాలకి పెట్టింది.

మూడో మెషీను చివర, గది అంత కాగితం రోలు పక్కన ఒక్క మనిషి మిగిలాడు, ఎర్రగడ్డం వెల్డరు. వెనక జనం ఎందుకు నవ్వుతున్నారో తెలియక, టెస్మర్ వైపు బెదురుగా చూస్తున్నాడు. టెస్మర్ చెయ్యి చాపి, లాగి, వణికి, వదులయ్యాడు. ఎనిమిది వేళ్ళు, సున్నా. వెల్డరు నుదురు ముడిపడింది. టెస్మర్ మొదటినుంచీ మళ్ళీ లాగాడు. ఈసారి భుజాలు దిగినప్పుడు వెల్డరు భుజాలు కూడా వాటితో పాటే దిగాయి. అతను ఒక చెవిమూత ఎత్తి, దగ్గరికొచ్చి, "లెటాఫా?" అని అరిచాడు.

"లెటాఫే," అని అరిచాడు టెస్మర్. టకారాన్ని గట్టిగా పట్టుకుని.